మధురపూడి మీద మంచు

ఎడమ సీటు మీది. అంటే కెప్టెన్ మీరే.

కళ్లు మండుతున్నాయి. హైదరాబాద్‌లో అలారం మోగినప్పుడు తెల్లవారుజామున మూడు. నిన్నా మూడే. మొన్నా మూడే. అటు మొన్నా అంతే. శంషాబాద్‌లో తాగిన కాఫీ కడుపులో పుల్లగా తిరుగుతోంది తప్ప తలకి ఎక్కలేదు. మెడ వెనక నరం పట్టేసింది. దాన్ని వేళ్లతో నొక్కుకుంటూ ముందుకి చూస్తున్నారు.

ఇవాళ భోగి. టైము ఆరున్నర. మీ వెనక తలుపుకి అవతల 78 సీట్లూ నిండాయి. అత్తారింటికి వస్తున్న అల్లుళ్లు, ఒళ్లో చంటిపిల్లలతో ఆడపడుచులు, నాలుగు రోజుల సెలవు ఎలాగో సంపాదించుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, భీమవరం కోడిపందేల బరుల గురించి అప్పుడే లెక్కలేసుకుంటున్న పెద్దమనుషులు. తలల మీది అరల్లో కొత్త బట్టల సంచులు కుక్కి కుక్కి పెట్టారు.

జంగారెడ్డిగూడెం దాటింది. ఎడమపక్క పాపికొండల నెత్తులు నల్లగా తేలి ఉన్నాయి. వాటి ముందు ఏమీ లేదు. తెలుపు. పోలవరం దగ్గర్నుంచి సముద్రం దాకా ఒకటే తెలుపు. గోదావరి కనిపించడం లేదు. అది ఎక్కడుందో మాత్రం తెలుస్తోంది. నది పోయే దారంతా మంచు కాస్త ఉబ్బి ఉంది. ఆ తెలుపులో అక్కడక్కడ గోధుమరంగు చారలు. భోగి మంటల పొగ. పైకి లేవలేక మంచులోనే అడ్డంగా పాకుతోంది.

కుడి సీట్లో కో-పైలట్. పాతికేళ్ల అమ్మాయి. అమలాపురం పక్కన పల్లెటూరు వాళ్లది.

"ఆ కింద ఎక్కడో మా ఊరు సర్," అంటూ దక్షిణం వైపు చూపిస్తుంది. పండగ పూట ఇంటికి ఇంత దగ్గరగా వచ్చింది. ఇంటికి మాత్రం వెళ్లదు. సాయంత్రం దాకా డ్యూటీ.

హెడ్‌సెట్‌లో మధురపూడి టవర్ గొంతు. రాజమండ్రి విమానాశ్రయం అదే. విజిబిలిటీ ఐదు వందల మీటర్లు. గాలి నిల్.

ఐదు వందల మీటర్లంటే రోడ్డు మీద చాలా దూరం. స్కూటర్ మీద వెళ్లేవాడికి అసలు అది మంచే కాదు. మీరు దిగేది గంటకి రెండు వందల కిలోమీటర్ల వేగంతో. ఆ వేగానికి ఐదు వందల మీటర్లంటే తొమ్మిది సెకన్లు. తొమ్మిది సెకన్లలో రన్‌వే వెతకాలి, అది రన్‌వేయేనని నమ్మాలి, 22 టన్నుల బరువుని దాని నడుమ గీత మీదికి తేవాలి.

మీ ముందున్న చార్టులో ఈ రన్‌వేకి కనీసం ఎంత దూరం కనబడాలో రాసి ఉంది. ఐదు వందలు చాలదు. ఢిల్లీలో అయితే యాభై మీటర్లు కనబడినా దిగే ఏర్పాటు ఉంది. అందుకు నేల మీద వేరే యంత్రాలు, వేరే దీపాల వరసలు, విమానంలో వేరే పరికరాలు, ప్రత్యేక శిక్షణ పొందిన పైలట్లు కావాలి. చలికాలంలో కొన్ని ఉదయాలు మాత్రమే కమ్ముకునే మంచు కోసం చిన్న ఊళ్లో అంత ఖర్చు ఎవరూ పెట్టరు. ఇక్కడ రన్‌వే 1,749 మీటర్ల నుంచి 3,165 మీటర్లకి పెరిగింది. 2024 డిసెంబరు నుంచి ముంబై, ఢిల్లీలకి పెద్ద ఎయిర్‌బస్సులు కూడా ఎగురుతున్నాయి. కానీ రన్‌వే ఎంత పొడుగున్నా కనబడాలి కదా.

"హోల్డ్ చేద్దామా సర్?"

తల ఊపుతారు. విమానం ఎడమకి ఒరుగుతుంది.

ఇప్పుడు మీరు మంచు పైన చుట్లు కొడుతున్నారు. నాలుగైదు నిమిషాలకి ఒక చుట్టు. సూర్యుడు అప్పుడే లేచాడు. ప్రతి చుట్టులో ఒకసారి సూటిగా కళ్లలోకి కొడతాడు. మండే కళ్లు ఇంకా మండుతాయి. కింద తెలుపు కదలదు.

ఎందుకింత మంచు? మీరు డెల్టా మీద ఉన్నారు. గోదావరి, దాని పాయలు, తూర్పు కాలవ, పశ్చిమ కాలవ, వాటి నుంచి చీలిన పిల్ల కాలవలు. పైగా ఇది దాళ్వా నాట్ల కాలం, చేలన్నీ నీళ్లతో ఉన్నాయి. రాత్రి మబ్బు లేదు, నేల వేడి ఆకాశానికి పోయింది. గాలి లేదు. నేలకి ఆనుకున్న తేమ అక్కడే చల్లబడి మంచయింది. దాని మీద ఇవాళ ఊరూరా భోగి మంటలు. పొగలోని నలుసుల మీద తేమ పట్టుకుంటుంది, మంచు ఇంకా చిక్కబడుతుంది. చెన్నైలో భోగి ఉదయం విమానాలు ఆలస్యం కావడం, దారి మళ్లడం అక్కడి వాళ్లకి అలవాటైన సంగతి. మధురపూడిలో ఇవాళ అదే జరుగుతోంది.

ఇంధనం చూస్తారు. 1,200 కిలోలు.

ఇక్కడ దిగలేకపోతే విశాఖపట్నం వెళ్లాలి. గన్నవరంలోనూ మంచే అంటున్నారు. విశాఖ దాకా వెళ్లడానికి సుమారు 450 కిలోలు. అక్కడికి చేరాక కూడా అరగంట గాల్లో తిరగగలిగేంత మిగిలి ఉండాలి, అది చట్టం. దానికి 300. మొత్తం 750. ఆ అంకె కంటే కిందికి దిగితే మీ చేతిలో దారులు ఉండవు.

ఇంకో నాలుగు వందల కిలోలు పోయించుకుని రావాల్సింది కదా? ఈ విమానం పేరు ఏటీఆర్-72. రెండు ఫ్యాన్ల విమానమని ఊళ్లో వాళ్లంటారు. ఇది నేల వదిలేటప్పుడు 23,000 కిలోలు మించకూడదు. నిండిన సీట్లు, పండగ సంచులు, విమానం సొంత బరువు కలిపితేనే ఇవాళ 21,000 అయింది. మిగిలింది రెండు వేలు. దాంట్లోనే దారి ఖర్చు, ఈ చుట్లు, విశాఖ, అన్నీ. ఇంకో నాలుగు వందలు పోయాలంటే నలుగురైదుగుర్ని సామాన్లతో సహా శంషాబాద్‌లో దింపేయాలి. భోగి నాడు ఎవర్ని దింపుతారు?

78 సీట్లు పెట్టడానికీ ఒక కారణం ఉంది. మన దేశంలో 80 సీట్ల లోపు విమానానికి ల్యాండింగ్ రుసుము లేదు. ఈ రంగంలో లెక్క అంత సన్నంగా నడుస్తుంది. ప్రపంచం మొత్తం మీద విమాన సంస్థలకి ఒక్కో ప్రయాణికుడి మీద చివరికి మిగిలేది ఏడు డాలర్లు, కాస్త అటూ ఇటూగా. మన దగ్గర ఖర్చులో పెద్ద ముక్క ఇంధనం. అది జీఎస్టీ పరిధిలో లేదు, ఒక్కో రాష్ట్రం ఒక్కో రేటున పన్ను వేస్తుంది. విమానాల్లో చాలావరకు అద్దెవి. అద్దె డాలర్లలో, రిపేరు డాలర్లలో, టికెట్ రూపాయల్లో. 2025 డిసెంబరులో డాలర్ 90 రూపాయలు దాటింది.

ఇంకో చుట్టు. ఇంకో నలభై యాభై కిలోలు గాల్లో కలిశాయి.

రాజమండ్రి వాళ్లకి ఈ లెక్కలు తప్పితే ఏమవుతుందో బాగా తెలుసు. ఒకప్పుడు వాయుదూత్ వచ్చింది, పోయింది. కింగ్‌ఫిషర్ వచ్చింది, 2012 అక్టోబరులో దేశమంతటా ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ వచ్చింది, 2019 ఏప్రిల్ 17న చివరి విమానం నడిపింది. హైదరాబాద్‌లో పుట్టిన ట్రూజెట్ 2015లో మన ఊళ్ల కోసమే అన్నట్టు మొదలైంది, 2022లో మూతపడింది. ఒక సంస్థ పోయినప్పుడల్లా ఈ ఊరు మళ్లీ గోదావరి ఎక్స్‌ప్రెస్ బెర్తుల కోసం క్యూ కట్టింది. అందుకే సర్వీసు ఆగకూడదని ఊరు కోరుకుంటుంది. మీరూ కోరుకుంటారు.

స్క్రీన్ మీద కంపెనీ మెసేజ్. రాజమండ్రి నుంచి తిరుగు ప్రయాణానికి 71 మంది. అందులో తొమ్మిది మందికి హైదరాబాద్‌లో కువైట్ విమానం. మీ ఉద్దేశం తెలపండి.

దిగమని ఎవరూ రాయలేదు. రాయనక్కర్లేదు.

ఆ తొమ్మిది మంది ఎవరో మీకు చూడకుండానే తెలుసు. మధురపూడి టెర్మినల్లో కుర్చీల చివర కూర్చుని ఉంటారు. కోనసీమ నుంచో పాలకొల్లు, నరసాపురం పక్క నుంచో రాత్రే బయల్దేరి ఉంటారు. ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో పాస్‌పోర్టు, వీసా కాగితం. కువైట్ టికెట్ ఏజెంటు వేరేగా కొని ఇచ్చాడు. ఈ విమానం అందకపోతే ఆ టికెట్‌కి ఎవరూ బాధ్యులు కారు. అప్పు మాత్రం వాళ్లదే.

ఇంటర్‌కమ్ మోగుతుంది. "సర్, అందరూ అడుగుతున్నారు. ఏం చెప్పను?"

"పది నిమిషాలు చూద్దామని చెప్పమ్మా."

ఇరవై నిమిషాలు గడిచాయి. ఇంధనం 990.

టవర్ గొంతు మళ్లీ. ఈసారి చార్టులో రాసిన దూరానికి కొద్దిగా పైన. కొద్దిగానే. మంచు లేచిందా, లేక ఒక పక్క తెర కాస్త జరిగిందా? పైనుంచి చూస్తే ఏమీ మారినట్టు లేదు.

నిబంధన ప్రకారం ప్రయత్నించొచ్చు. ప్రయత్నిస్తారా?

కో-పైలట్ వైపు చూస్తారు. ఆమె చార్టు మీద వేలు పెట్టి ఉంది. "ఒకసారి చూద్దాం సర్. కనబడకపోతే వెంటనే పైకి."

"నేను ఏం చూశానని చెప్పినా, నీకు కనబడకపోతే నువ్వు చెప్పు," అంటారు. ఆ మాట ఎందుకన్నారో మీకే సరిగ్గా తెలియదు. నాలుగు రోజుల మూడు గంటల అలారాలు ఆ మాట అనిపించాయి.

పశ్చిమం వైపు వెళ్లి తిరుగుతారు. ముక్కు ఈశాన్యానికి. చక్రాలు కిందికి. మూడు పచ్చ దీపాలు. ఫ్లాప్స్. కొవ్వూరు మీ కింద ఎక్కడో ఉంది. గోష్పాద రేవులో భోగి స్నానాలు చేస్తున్న వాళ్లకి మీ చప్పుడు వినబడుతుంది, మీరు కనబడరు.

రెండు వేల అడుగులు. తెలుపు పైకి వస్తోంది. వస్తోంది.

లోపలికి దూరారు.

వెలుగు ఒక్కసారిగా మారిపోయింది. కాక్‌పిట్ అంతా పాలరంగు. అద్దం మీద సన్న తడి. పక్కకి చూస్తే రెక్క చివర లేదు. గోదావరి దాటుతున్నారని స్క్రీన్ మీది గీత చెబుతోంది. ఎడమకి ఒరుగుతున్నట్టు మీ శరీరం చెబుతోంది. స్క్రీన్ నిటారుగానే ఉన్నారంటోంది. శరీరం మాట వినకూడదు. చెవి లోపలి ద్రవం మంచులో అబద్ధం చెబుతుంది. స్క్రీనే నమ్మాలి.

ముక్కుకి వాసన తగిలింది. పొగ.

గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది. ఇంజనా?

"భోగి పొగ సర్," అంది ఆమె వెంటనే. "ఇంజన్లు నార్మల్."

పిడకలు కాలే వాసన. అవును. అదే.

వెయ్యి అడుగులు. "స్టేబుల్." వేగం సరిగ్గా ఉంది. దారి సరిగ్గా ఉంది. టవర్ చెప్పిన దూరం మారలేదు. కొనసాగొచ్చు.

ఎనిమిది వందలు.

ఏమీ లేదు.

ఏడు వందలు. అద్దంలోకి చూస్తున్నారు. ఏమీ లేదు. తెలుపులో తెలుపు.

ఆరు వందలు.

కళ్లు నీళ్లు కారుతున్నాయి. రెప్ప వేయరు.

అదిగో.

ముందు, కొంచెం కుడికి. నారింజ వెలుగు. ఒక చుక్క. పక్కన ఇంకోటి. మసకగా. వరసగా.

దీపాలు!

"లైట్స్ ఇన్..." అని నోటి దాకా వచ్చింది. చెయ్యి కదిలింది. విమానం ముక్కు అటు తిప్పాలనిపిస్తోంది. కొంచెమే. కొంచెం కుడికి.

రన్‌వే దీపాలు కుడికి ఎందుకుంటాయి?

విమానం గొంతు. "మినిమమ్స్."

"గో అరౌండ్," అంది ఆమె. గట్టిగా. స్పష్టంగా. "సర్, అది మంట. గో అరౌండ్."

బటన్ నొక్కారు. పవర్ ముందుకి. ముక్కు పైకి. కడుపు సీట్లోకి దిగింది. ఇంజన్లు రెండూ ఒకేసారి గర్జించాయి.

"ఫ్లాప్స్."

"పాజిటివ్ రేట్."

"గేర్ అప్."

వెనక ఎవరో అరిచారు. చంటిపిల్ల ఏడుపు. సీటు కింద చక్రాలు లోపలికి వెళ్లిన చప్పుడు. తెలుపు. తెలుపు. తెలుపు.

వెలుగు.

సూర్యుడు కుడి అద్దంలోంచి ఫెడీమని కొట్టాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కింద ఏదో వీధి కూడలిలో పిల్లలు దండలుగా కట్టిన పిడకలు మంటలో వేస్తున్నారు. పక్క వీధిలో ఇంకో మంట. ఆ వరసనే మీరు చూశారు. రన్‌వే చూడాలని ఎంత ఆత్రపడ్డారంటే, కళ్లు దాన్ని తయారుచేసి ఇచ్చాయి.

"నువ్వు చెప్పావు," అంటారు.

"మీరు చెప్పమన్నారు సర్."

ఇంధనం 870.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంకోసారి దిగి, కనబడక మళ్లీ పైకి వస్తే 120 కిలోలు. 870 లోంచి 120 తీసేస్తే 750. సరిగ్గా 750. చట్టం ఒప్పుకుంటుంది. తొమ్మిది మంది కువైట్ వాళ్లు ఒప్పుకుంటారు. కంపెనీ ఏమీ అనదు. టవర్ చెప్పిన దూరం ఇంకా చార్టు పైనే ఉంది. ఎండ ఎక్కుతోంది, మంచు పలచబడుతుందేమో. ఐదు నిమిషాల్లో నేల మీద ఉండొచ్చు. విశాఖ వెళ్తే పండగ పాడు. తిరుగు విమానం పాడు. మధ్యాహ్నం ఈ విమానంతోనే నడపాల్సిన మిగతా రెండు ట్రిప్పులూ పాడు. బదులుగా ఇంకో విమానం ఎక్కడా ఊరికే నిలబడి లేదు.

మీరేం చేస్తారు?

మీ చెయ్యి ఇంకా పవర్ లివర్ల మీదే ఉంది. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఈ వృత్తిలో ఉన్న ప్రతివాళ్లకీ రెండు తేదీలు గుర్తుంటాయి.

2010 మే 22. దుబాయ్ నుంచి వచ్చిన విమానం మంగళూరు కొండ మీది రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయారని విచారణలో తేలింది. మరీ ఎత్తులో వచ్చారు. గో అరౌండ్ అని కో-పైలట్ చెప్పారు. కెప్టెన్ దిగారు.

2020 ఆగస్టు 7. కోజికోడ్. వాన. మొదటి ప్రయత్నంలో కెప్టెన్ పైకి వెళ్లిపోయారు, సరైన పనే చేశారు. రెండో ప్రయత్నంలో, వెనక గాలితో, రన్‌వే సగానికి దగ్గరలో నేల తాకారు. అక్కడా కో-పైలట్ గో అరౌండ్ అన్నారు. 21 మంది చనిపోయారు. మర్నాడు ఉదయం అక్కడి నుంచి బయల్దేరే విమానం ఆ కెప్టెనే నడపాల్సి ఉందని, ఆ ఊళ్లో చాలినంత మంది కెప్టెన్లు లేరని, ఎలాగైనా అక్కడే దిగాలన్న ఆలోచన మీద ఆ ఒత్తిడి ఉందని దర్యాప్తు నివేదిక రాసింది. రోస్టర్లో ఒక మనిషి తక్కువ. దాని బరువు కాక్‌పిట్ దాకా వచ్చింది.

మంటని రన్‌వే అనుకున్న కళ్లు మీవి. వాటితోనే రెండోసారి చూడాలి.

"విశాఖ," అంటారు.

ఆమె ఊపిరి వదిలిన చప్పుడు హెడ్‌సెట్‌లో వినబడుతుంది. "విశాఖ సర్," అని రేడియో అందుకుంటుంది.

మైకు తీసుకుని ప్రయాణికులకి చెబుతారు. తెలుగులోనే చెబుతారు. రాజమండ్రిలో రన్‌వే కనబడలేదు, విశాఖలో దిగుతున్నాం, క్షమించండి. తలుపు అవతల ఒక పెద్ద నిట్టూర్పు, ఆ తర్వాత కలగాపులగంగా మాటలు. అన్నవరం కొండ మంచులోంచి తల మాత్రం బయటపెట్టి ఎడమపక్క నుంచి వెనక్కి పోతుంది. తుని దాటేసరికి సముద్రం, నీలంగా, అంచు దాకా శుభ్రంగా. విశాఖలో రన్‌వే నేవీ వాళ్లది. ఏడుముప్పావుకి దాని మీద చక్రాలు ఆనాయి. ట్యాంకుల్లో 430 కిలోలు.

తలుపు తెరుస్తారు. మీరు లేచి కాక్‌పిట్ గడప దగ్గర నిలబడతారు. దాక్కోవచ్చు. నిలబడతారు.

"ఇంకోసారి ట్రై చెయ్యొచ్చుగా? పండగ పూట ఎక్కడో దింపేశారు." మెళ్లో గొలుసు, చేతిలో రెండు ఫోన్లు. "డబ్బులు తీసుకున్నప్పుడు లేదే ఈ మంచు?"

"అత్తారింట్లో భోగిపళ్లు సాయంత్రం అండి, బిడ్డకి మొదటిసారి," అంటుంది చంటిపిల్లతో ఒకావిడ. ఆమె కోపంగా లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

రోడ్డు మీద రాజమండ్రి నాలుగు గంటల దూరం.

ఫోన్ మోగింది. హైదరాబాద్ ఆపరేషన్స్ నుంచి ఒక కుర్రాడు. అతనూ తెల్లవారుజామునే వచ్చి ఉంటాడు, గొంతు అలాగే ఉంది. "సర్, పదింటికల్లా రాజమండ్రి క్లియర్ అవుతుందంటున్నారు. ఇంధనం పోయించి రాజమండ్రి, అక్కణ్నుంచి హైదరాబాద్, తర్వాత మీ మిగతా రెండూ. డ్యూటీ గంటలు లిమిట్‌లోనే ఉన్నాయి సర్. స్టాండ్‌బై ఎవరూ లేరు. చేస్తారా?"

లిమిట్‌లోనే ఉన్నాయి. నిజమే.

ఆ లిమిట్లు ఎక్కణ్నుంచి వచ్చాయో చెప్పుకోవాలి. పైలట్ల అలసట మీద విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నిబంధనలు రాసింది. వారానికి విశ్రాంతి 36 గంటల నుంచి 48 కి పెంచింది. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఆరు దాకా అంది, రాత్రి దిగడాలు ఆరు నుంచి రెండుకి తగ్గించింది. సంస్థలు ఇప్పుడే కుదరదన్నాయి. పైలట్లు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. చివరికి కొన్ని 2025 జులై 1న, మిగతావి నవంబరు 1న అమల్లోకి వచ్చాయి. దాదాపు రెండేళ్ల గడువు దొరికింది. ఆ తర్వాత ఏం జరిగిందో డిసెంబరు మొదటి వారంలో టెర్మినళ్ల నేల మీద పడుకున్న వాళ్లకి తెలుసు. దేశంలో ప్రతి వంద మంది విమాన ప్రయాణికుల్లో సుమారు 65 మందిని మోసే ఇండిగో దగ్గర కొత్త లెక్కకి సరిపడా పైలట్లు లేరు. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. ప్రభుత్వం టికెట్ ధరలకి పరిమితి పెట్టింది. దాంతోపాటు, వారపు విశ్రాంతి బదులు సెలవుని లెక్కేయకూడదన్న నియమాన్ని డీజీసీఏ వెనక్కి తీసుకుంది. ఇండిగోకి రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది.

మనుషుల్ని తీసుకోని సంస్థకి దొరికిన ఆ సడలింపు నిద్రలేని పైలట్ మీద పడింది. నా దృష్టిలో అది తప్పు నిర్ణయం. జనం నేల మీద పడుకున్నారని జాలిపడి తీసుకున్నదే కావచ్చు, అయినా తప్పే.

ఫోన్లో కుర్రాడు ఎదురుచూస్తున్నాడు. "సర్?"

చేస్తానంటే పదిన్నరకి రాజమండ్రిలో ఉంటారు. చంటిపిల్లకి భోగిపళ్లు అందుతాయి. కువైట్ వాళ్లలో కొందరికైనా విమానం అందొచ్చు. చెయ్యనంటే ఒక కాగితం నింపాలి. అలసట వల్ల తప్పుకుంటున్నానని మీ పేరు, సంతకం. దాన్ని ఎవరు ఎలా చదువుతారో తెలియదు. వచ్చే నెల రోస్టర్ ఎలా వస్తుందో తెలియదు.

ముందుకి తిరిగి చూస్తారు. కో-పైలట్ మిమ్మల్నే చూస్తోంది. ఆమె ఏమీ అనదు.

మంట. నారింజ రంగు. కొంచెం కుడికి.

"నేను ఫిట్‌గా లేను," అంటారు. "రాసిస్తాను. వీళ్లకి బస్సులు చూడు. ముందు టిఫిన్ ఏర్పాటు చెయ్యి, పిల్లలున్నారు. రాజమండ్రిలో కువైట్ వాళ్లు తొమ్మిది మంది ఉన్నారు, వాళ్ల సంగతి ఎవరైనా మనిషి వెళ్లి చూడాలి. మెసేజ్ పెట్టి వదిలెయ్యకు."

ఫోన్ పెట్టేశాక చేతులు వణకడం ఆగింది.

ఇప్పుడు సీటు మారండి. కెప్టెన్ సీటు దిగి వెనక్కి నడవండి. 14సి. పండక్కి మూడింతలు పెట్టి కొన్న టికెట్. కిటికీలోంచి ఆంధ్రా పేపర్ మిల్లు గొట్టం కనబడాల్సిన చోట విశాఖ కొండలు కనబడుతున్నాయి. ఇంట్లో వాళ్లకి ఫోన్ చేసి చెప్పారు, వాళ్లు ఉసూరుమన్నారు. మీకు ఒళ్లు మండుతోంది. ఆ కోపం న్యాయమైనదే. దాన్ని ఎవరి మీద పెడతారో అది మీ చేతిలో ఉంది.

టిఫిన్ అడగండి. బస్సు అడగండి. విమానం రద్దయితే టికెట్ డబ్బు అడగండి, మీకు ఆ హక్కు ఉంది. కువైట్‌కో దోహాకో వెళ్లే మనిషి మీ ఇంట్లో ఉంటే, చలికాలంలో హైదరాబాద్‌కి ముందు రోజే పంపండి, వీలైతే రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో తీయమని ఏజెంటుని నిలదీయండి. ఇంకోసారి దిగమని మాత్రం ఆ కెప్టెన్‌ని అడక్కండి. పౌర విమానయాన శాఖ ఇప్పుడు మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడి చేతిలో ఉంది. వారానికి 48 గంటల విశ్రాంతి, రాత్రికి రెండే దిగడాలు, ఈ రెండూ ఏ సంస్థకీ మినహాయింపు లేకుండా ప్రతి పైలట్ రోస్టర్లోనూ ఉండేలా చూడమని ఆయనకి రాయండి.